విమాన ప్రయాణికుని పెట్టె: సామాను నియమముల చరిత్ర

సెలవులు వచ్చినవనగానే ఇంటింటా ప్రయాణపు సన్నాహములు మొదలగును. రైలు ప్రయాణమైనచో సామాను కొంత ఎక్కువైనను పెద్ద చిక్కు లేదు. బల్లల క్రింద కొంత, పై బల్లమీద కొంత సర్దుకొని పోవచ్చును. విమాన ప్రయాణము అట్టిది కాదు. పెట్టెను ఇంటివద్దనే తూచి చూచుకొనవలెను. కొన్ని వస్తువులు చేతిసంచిలోనే ఉండవలెను. కొన్ని పెద్ద పెట్టెలో మాత్రమే ఉండవలెను. మరికొన్ని రెండింటిలోను ఉండరాదు. సెల్ ఫోనుకు విద్యుచ్ఛక్తినిచ్చు పవర్ బ్యాంకును పెద్ద పెట్టెలో పెట్టరాదు. కూరగాయలు కోయు చాకును చేతిసంచిలో పెట్టరాదు. ఎండు కొబ్బరి చిప్పలను ఎందులోను పెట్టరాదు.

మొదటిసారి విమానమెక్కువారికి ఈ నియమములన్నియు అధికారుల ఇష్టానుసారముగా పుట్టినవని తోచును. వాటి చరిత్రను పరిశీలించినచో సంగతి వేరుగా కనబడును. ప్రతి నియమము వెనుకను ఒక ప్రకృతి సూత్రమో, ఒక సంఘటనయో కలదు. కొన్ని నియమములను మానవుడు లెక్కలు కట్టి తెలిసికొనెను. కొన్నింటిని ప్రాణములు పోగొట్టుకొని నేర్చుకొనెను. ఆ కథ తెలిసినవాడు పెట్టెను బలవంతమున కాక, బుద్ధిపూర్వకముగా సర్దుకొనును.

మనిషిని, మూటను కలిపి తూచిన రోజులు

టికెట్టు కొన్న ప్రయాణికులను నియమిత వేళలలో తీసికొనిపోయిన మొట్టమొదటి విమాన సర్వీసు 1914 జనవరి 1వ తేదీన అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రమున ప్రారంభమయ్యెను. సెయింట్ పీటర్స్‌బర్గ్, టాంపా అను రెండు పట్టణముల నడుమ సముద్రపు పాయ యొకటి ఉన్నది. టోనీ జానస్ అను వైమానికుడు నీటిపై వ్రాలగల చిన్న విమానములో ఆ పాయను 23 నిమిషములలో దాటెను. విమానములో అతని ప్రక్కన ఒక్క ప్రయాణికునికి మాత్రమే చోటుండెను. టికెట్టు వెల 5 డాలర్లు. అయితే ఆ వెలకు ఒక షరతు కలదు. ప్రయాణికుడు, అతని చేతి సామాను కలిపి 200 పౌనులు, అనగా సుమారు 90 కిలోగ్రాములు మించరాదు. మించినచో 100 పౌనులకు మరి 5 డాలర్ల చొప్పున చెల్లించవలెను.

ఇట్లు విమాన ప్రయాణము పుట్టిననాడే సామాను తూకము కూడ పుట్టినది. దీనికి కారణము కేవలము ధనాశ కాదు. ఓడ నీటిపై తేలును. రైలు భూమిపై నిలిచియుండును. విమానమునకు అట్టి ఆధారము లేదు. రెక్కల మీదుగా వేగముగా పోవు గాలి వలన కలుగు ఎత్తు బలమే దానిని మోయవలెను. బరువు పెరిగినచో ఎత్తు బలము పెరగవలెను. ఎత్తు బలము పెరుగుటకు వేగము పెరగవలెను. వేగము పెరుగుటకు పొడవైన రన్‌వే, బలమైన ఇంజను కావలెను. జానస్ విమానపు ఇంజను శక్తి 75 అశ్వసామర్థ్యము మాత్రమే. దానికి ప్రయాణికుని ఎముకల బరువు, పెట్టెలోని చొక్కాల బరువు అను భేదము లేదు.

1919 ఆగస్టు 25న లండన్, పారిస్ నగరముల మధ్య ప్రతిదిన విమాన సర్వీసు ప్రారంభమయ్యెను. మొదటి విమానములో వెళ్ళినది ఒక్క ప్రయాణికుడు. అతనితోపాటు వార్తాపత్రికలు, కొంత తోలు, కొన్ని వేటపక్షులు, కొన్ని మీగడ జాడీలు వెళ్ళినవి. లండన్ నగరపు క్రాయ్డన్ విమానాశ్రయములో సామానునే కాక ప్రయాణికులను కూడ తూకపు యంత్రముపై నిలబెట్టి తూచుట 1920వ దశకములో అలవాటు.

మన దేశములో 1932 అక్టోబరు 15న జె. ఆర్. డి. టాటా కరాచీనుండి అహమ్మదాబాదు మీదుగా బొంబాయికి ఒక చిన్న విమానమును నడపెను. అచ్చటినుండి నెవిల్ విన్సెంట్ దానిని బళ్ళారి మీదుగా మద్రాసుకు చేర్చెను. టాటా తెచ్చిన ఉత్తరముల మూట బరువు 25 కిలోలు. నేడు అమెరికాకు చదువుకొనుటకు పోవు ఒక విద్యార్థి పెట్టె బరువు దాదాపు అంతే ఉండును. ఆనాడు ఆ విమానపు తపాలా అంతయు అందులో ఇమిడిపోయెను.

కావడి న్యాయము

విమానములు పెద్దవైన కొలది ప్రతి మనిషిని తూచుట కష్టమయ్యెను. అందువలన సామానును తూచి, మనుషులకు మాత్రము ఒక సగటు బరువును లెక్కలోనికి తీసికొను పద్ధతి వచ్చినది. కొన్నిచోట్ల చిన్న విమానములలో సామానుకు కూడ సగటునే వాడుదురు. సగటు నిజమునకు దగ్గరగా ఉన్నంతకాలము చిక్కు లేదు.

ఇచ్చట మొత్తము బరువుతోపాటు బరువు ఉన్న చోటు కూడ ముఖ్యము. కావడి మోయువాడు రెండు వైపుల సమానముగా కట్టుకొనును. ఒక వైపు ఎక్కువైనచో బద్దను భుజముపై జరుపుకొనును. విమానమునకు భుజము రెక్కలే. వస్తువు బరువంతయు ఏ బిందువువద్ద కేంద్రీకరించినట్లు ప్రవర్తించునో దానిని గరిమనాభి అందురు. విమానపు గరిమనాభి రెక్కలకు సంబంధించిన ఒక చిన్న హద్దులో ఉండవలెను. అది వెనుకకు జరిగినచో విమానము ముక్కు పైకి లేచును. అధికముగా లేచినచో రెక్కలమీది గాలి చెదరి ఎత్తు బలము నశించును. కావడివానివలె విమానము భుజము మార్చుకొనలేదు. అందుచేతనే చిన్న విమానములలో ఒక్కొక్కప్పుడు ప్రయాణికులను వేరు సీట్లలోనికి మార్చుదురు.

2003 జనవరి 8న అమెరికాలోని షార్లట్ నగరమునుండి బయలుదేరిన ఒక చిన్న విమానము, నేల విడిచిన వెంటనే ముక్కు పైకెత్తి కూలిపోయెను. అందున్న 21 మందియు మరణించిరి. తోకయందలి ఎలివేటరును కదల్చు తీగలను సరిగా అమర్చకపోవుట మూలకారణమని దర్యాప్తులో తేలెను. గరిమనాభి హద్దు దాటి చాల వెనుకకు పోయియుండుట దానికి తోడయ్యెను. లెక్కలో వాడిన సగటులు పాతవి. ప్రయాణికులును, వారి పెట్టెలును ఆ సగటులకంటె బరువుగా ఉండిరి. అదే సంవత్సరము అమెరికా విమానయానశాఖ సగటు బరువులను పెంచెను.

కాబట్టి విమానాశ్రయములోని తూకపు పళ్ళెమును అదనపు రుసుము వసూలు చేయు సాధనముగా మాత్రమే చూడరాదు. రుసుమునకు కూడ ఒక న్యాయము కలదు. సుదూర ప్రయాణములలో అదనపు బరువును మోయుటకు, ఆ బరువులో గంటకు సుమారు నూటికి మూడు వంతుల ఇంధనము ఖర్చగును. పదిహేను గంటల ప్రయాణములో 10 కిలోల అదనపు సామాను నాలుగైదు కిలోల ఇంధనమును కాల్చును.

చీటి చెప్పు కథ

పెట్టెను అప్పగించి చీటి తీసికొను ఆచారము రైళ్ళనుండి వచ్చినది. చింపి రెండు భాగములు చేయదగిన సామాను చీటికి 1882లో కెనడాలోని మాంక్‌టన్ పట్టణమునకు చెందిన జాన్ మైకేల్ లయన్స్ పేటెంటు పొందెను. ఒక ముక్క పెట్టెకు, రెండవ ముక్క ప్రయాణికునికి. నేటి విమానపు చీటిలో పది అంకెల సంఖ్య, దానిని యంత్రము చదువుటకు నల్లని గీతలు, దిగు విమానాశ్రయమునకు గుర్తుగా మూడు అక్షరములు ఉండును. హైదరాబాదునకు హెచ్ వై డి, విశాఖపట్టణమునకు వి టి జెడ్, తిరుపతికి టి ఐ ఆర్ గుర్తులు. పెట్టెను అప్పగించునప్పుడే ఈ మూడు అక్షరములను చదువుకొనుట బుద్ధిమంతుని లక్షణము.

పెట్టె పోయినచో నష్టపరిహారమెంత? ఈ ప్రశ్నకు 1929 అక్టోబరు 12న వార్సా నగరములో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడిక సమాధానము చెప్పెను. అప్పగించిన సామానుకు చీటి ఇయ్యవలెను. అందులో మూటల సంఖ్య, బరువు వ్రాయవలెను. ప్రత్యేకముగా విలువ ప్రకటించి అదనపు రుసుము కట్టని పక్షమున, పోయిన సామానుకు కిలో ఒకటికి 250 బంగారు ఫ్రాంకులకు మించి ఇయ్యనక్కరలేదు. మన దేశములో దీని అమలునకు 1934లో చట్టము చేసిరి. బరువునుబట్టి పరిహారమనగా పెట్టెలో పాత దుప్పటి ఉన్నను, పట్టుచీరలు ఉన్నను లెక్క ఒక్కటే.

1999లో మాంట్రియల్ ఒడంబడిక ఈ పద్ధతిని మార్చి, బరువునకు బదులు ప్రయాణికుని లెక్కన హద్దు పెట్టెను. అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కప్రమాణములలో ఆ హద్దు మొదట 1000. 2024 డిసెంబరు 28నుండి 1519. భారతదేశము 2009లో ఈ ఒడంబడికలో చేరెను. పద్ధతి మారినను నీతి మారలేదు. డబ్బుతో తిరిగి కొనలేని వస్తువును అప్పగించు పెట్టెలో పెట్టరాదు. విద్యార్థుల అసలు సర్టిఫికెట్లు, రోగులు వేళకు తీసికొనవలసిన మందులు, నగలు చేతిసంచిలోనే ఉండవలెను. పెద్ద పెట్టె లోపల పేరు, ఫోను నంబరు వ్రాసిన కాగితమొకటి ఉంచినచో, పైచీటి ఊడిపోయినను పెట్టె యజమానిని చేరగలదు.

పెట్టె తేలికైన విధము

1945లో నిజాం ప్రభుత్వము, టాటా సంస్థ కలిసి హైదరాబాదులోని బేగంపేట కేంద్రముగా దక్కన్ ఎయిర్‌వేస్ అను సంస్థను స్థాపించిరి. డకోటా విమానములను నడపిన ఈ సంస్థ 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయెను. ఆ కాలమున మన దేశములో ప్రయాణమనగా ఇనుప ట్రంకు పెట్టె, తోలు సూటుకేసు, పరుపు చుట్టిన హోల్డాలు. రైలుకు తగిన సామాను అది. ఇనుప ట్రంకు ఖాళీగా ఉన్నప్పుడే కొన్ని కిలోలు తూగును. ఆ బరువు విమాన ప్రయాణికునికి దక్కవలసిన బరువులోనుండి తరిగిపోవును.

పెట్టెను తేలిక చేయు మార్గమును విమానమే చూపినది. జర్మనీలో ఆల్ఫ్రెడ్ విల్మ్ అను లోహశాస్త్రవేత్త 20వ శతాబ్ది తొలి దశకమున అల్యూమినియములో కొద్దిగా రాగి, మెగ్నీషియము మొదలగునవి కలిపి డ్యూరాల్యుమిన్ అను మిశ్రలోహమును తయారుచేసెను. అది తేలిక, కాని గట్టిది. 1919లో యుంకర్స్ ఎఫ్ 13 అను ప్రయాణికుల విమానమును పూర్తిగా లోహముతో నిర్మించిరి. దాని రేకులకు గాడులు వేసియుండెను. పలుచని రేకునకు గాడి వేసినచో, బరువు పెరగకయే వంగని గుణము వచ్చును. కాగితమును మడతలు పెట్టి నిలబెట్టినచో ఈ సంగతి తెలియును. తరువాత అదే జర్మనీలో గాడులు వేసిన అల్యూమినియపు పెట్టెలు వచ్చినవి. 1953లో కనుగొన్న పాలికార్బనేటు అను ప్లాస్టికు తరువాతి కాలమున ఆ లోహపు స్థానమును చాలవరకు ఆక్రమించెను.

చక్రము కనుగొని వేల సంవత్సరములైనను, అది ప్రయాణికుని పెట్టెకు వ్యాపార సరళిలో చేరుటకు 1970వ దశకము రావలసివచ్చెను. అమెరికాలో బెర్నార్డ్ సాడో పెట్టెకు నాలుగు చిన్న చక్రములు, లాగుటకు ఒక పటకా అమర్చి 1972లో పేటెంటు పొందెను. 1987లో రాబర్ట్ ప్లాత్ అను విమాన చోదకుడు పెట్టెను నిలువుగా త్రిప్పి, రెండు చక్రములు, పైకి సాగు పిడి అమర్చెను. ఈడ్చునప్పటి ఘర్షణకంటె దొర్లునప్పటి ఘర్షణ బహు స్వల్పమని ఉన్నత పాఠశాలలో చదువుకొన్న పాఠమే ఇది. అయితే చక్రములకు, పిడికి కూడ బరువు కలదు. కొనునప్పుడు ఖాళీ పెట్టె బరువెంతయో అడుగవలెను.

ఊరగాయ జాడీ, బాయిల్ సూత్రము

తెలుగువారి పెట్టెలో ఆవకాయకు చోటు తప్పదు. ఎంత గట్టిగా మూత బిగించినను, దిగిన తరువాత చూచినచో నూనె కారి బట్టలు ఎఱ్ఱనగుట పలువురి అనుభవము. దీనికి పెట్టెలు విసరు కూలీలే కారణమని అనుకొందురు. అసలు కారణమును 1662లో రాబర్ట్ బాయిల్ ప్రకటించిన సూత్రము చెప్పగలదు. ఉష్ణోగ్రత మారనప్పుడు, వాయువు పీడనము తగ్గినచో దాని ఘనపరిమాణము అదే నిష్పత్తిలో పెరుగును.

ఎత్తునకు పోయిన కొలది గాలి పలుచనగును. 1938 డిసెంబరు 31న మొదటిసారి ఎగిరిన బోయింగ్ 307 విమానమునందు లోపలి గాలిని ఒత్తిడితో నిలుపు ఏర్పాటు చేసి 1940లో ప్రయాణికులను తీసికొనిపోవ మొదలిడిరి. నేటి జెట్ విమానములు 10 వేల మీటర్లు దాటి ఎగిరినను, లోపలి పీడనము సుమారు 2400 మీటర్ల ఎత్తుగల కొండపై ఉండు పీడనమునకు తగ్గకుండ చూతురు. అది సముద్రమట్టపు పీడనములో సుమారు మూడు పాళ్ళు. సామాను ఉండు క్రింది గదిలో గాలి ఉండదని కొందరు భ్రమపడుదురు. ప్రయాణికుల జెట్ విమానములలో ఆ గదికి కూడ ఇదే పీడనము వర్తించును.

పీడనము మూడు పాళ్ళకు తగ్గినచో, గాలి మూడింట ఒక వంతు వ్యాకోచించును. సీసాలో 90 మిల్లీలీటర్ల గాలి ఉన్నచో అది 120 మిల్లీలీటర్లు కాజూచును. పెట్టె తలక్రిందుగా ఉన్నచో ఆ గాలి నూనెను మూత సందులగుండా బయటికి త్రోయును. సగము ఖాళీ అయిన సీసాలో గాలి ఎక్కువ కాబట్టి అదియే ఎక్కువగా కారును. పాళీ కలము కూడ ఈ కారణముచేతనే సిరా కక్కును.

దీనినుండి వచ్చు నీతి తేలికయైనది. సీసాను గాలికి తక్కువ చోటుండునట్లు నింపవలెను. మెత్తని ప్లాస్టికు సీసాయైనచో కొద్దిగా నొక్కి గాలి తీసి మూత పెట్టవలెను. లోపల గాలి వ్యాకోచించుటకు చోటు దొరకును. పిదప పాలిథీన్ సంచిలో చుట్టి, బట్టల నడుమ నిలువుగా ఉంచవలెను. ఉపాధ్యాయులు ఈ సంగతిని తరగతిలో చూపవచ్చును. సూదిలేని పెద్ద సిరంజిలో కొద్దిగా గాలి ఊది కట్టిన చిన్న బుడగను ఉంచి, కొనను వ్రేలితో మూసి, కాడను వెనుకకు లాగినచో బుడగ ఉబ్బును; వదలినచో తగ్గును. విమానములో ఉబ్బిన బిస్కట్ల పొట్లము ఇదే.

తనంతట తాను కాగు వస్తువులు

ఎండు కొబ్బరిపై నిషేధము మనవారిని మిక్కిలి ఆశ్చర్యపరచును. దేవాలయములోను, వంటయింటిలోను ఉండు ఈ వస్తువు ప్రమాదకరమైనదా? ఎండు కొబ్బరిలో సగముకంటె ఎక్కువ భాగము నూనె. ఆ నూనె గాలిలోని ఆమ్లజనితో మెల్లగా కలియునప్పుడు వేడి పుట్టును. కుప్పగా ఉన్నప్పుడు ఆ వేడి బయటికి పోలేక లోపలనే కూడుకొని, మరింత వేడిని పుట్టించును. అందుచేత అంతర్జాతీయ పట్టికలో ఎండు కొబ్బరిని 1363 అను సంఖ్యతో, తనంతట తాను కాగు పదార్థముల వర్గములో చేర్చిరి. ఒక్క చిప్పకు నిప్పంటుకొనునని దీని అర్థము కాదు. ఎవరి పెట్టెలో ఎంత ఉన్నదో లెక్కింప వీలులేనిచోట, కంటికి కనబడని గదిలో, అట్టి అవకాశమును మొత్తముగా తొలగించుటయే దీని ఉద్దేశము.

పవర్ బ్యాంకు సంగతి దీనికి వ్యతిరేకము. 1991లో విపణిలోనికి వచ్చిన లిథియం అయాన్ బ్యాటరీ చిన్న చోటులో ఎక్కువ శక్తిని నిలువచేయును. లోపల పొరలు దెబ్బతిని విద్యుత్తు అడ్డదారి పట్టినచో వేడి పుట్టును. ఆ వేడి రసాయన చర్యను పెంచును. చర్య మరల వేడిని పెంచును. సరకు గదిలో మంటలనార్పు వాయువు జ్వాలను అణచగలదు గాని, బ్యాటరీ లోపల పుట్టు వేడిని ఆపజాలదు. 2010 సెప్టెంబరు 3న దుబాయిలో బయలుదేరిన ఒక సరకుల విమానములో, బ్యాటరీలు అధికముగా ఉన్న సరకునకు నిప్పంటుకొనగా విమానము కూలి ఇద్దరు చోదకులును మరణించిరి. 2016 ఏప్రిల్ 1నుండి ప్రయాణికుల విమానములలో లిథియం అయాన్ బ్యాటరీలను విడిగా సరకుగా పంపుట నిషేధింపబడెను.

చేతిసంచిలోనిదానికి నిప్పంటుకొన్నచో సిబ్బంది చూడగలరు, నీరు పోసి చల్లార్చగలరు. విడి బ్యాటరీలు, పవర్ బ్యాంకులు మనుషుల నడుమనే ఉండవలెనను నియమమునకు ఇదే కారణము. శక్తికి కూడ 100 వాట్-గంటల హద్దు కలదు. అంతకు మించి 160 వరకు విమాన సంస్థ అనుమతి కావలెను. లెక్క కట్టుట సులభము. మిల్లీ ఆంపియర్-గంటలను వోల్టులతో గుణించి వేయిచే భాగింపవలెను. 20,000 మిల్లీ ఆంపియర్-గంటలు, 3.7 వోల్టులు ఐనచో 74 వాట్-గంటలు. 2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని బూసాన్ విమానాశ్రయములో, బయలుదేరనున్న విమానమున తలపై అరలో మంట పుట్టి విమానము కాలిపోయెను. అందున్న 176 మందియు బయటపడిరి. పవర్ బ్యాంకే కారణమై యుండునని దర్యాప్తువారు భావించిరి. పై అరలో పెట్టక, కంటి ఎదుట ఉంచుకొనవలెనని ఆ దేశము పిదప నియమము చేసెను.

యజమాని లేని పెట్టె

సామాను చరిత్రలో మిక్కిలి విషాదమైన దినము 1985 జూన్ 23. ఎయిర్ ఇండియావారి కనిష్క అను బోయింగ్ 747 విమానము మాంట్రియల్‌నుండి లండన్ మీదుగా మన దేశమునకు వచ్చుచుండెను. ఐర్లండ్ తీరమునకు దూరముగా సముద్రముపై అది పేలిపోగా, అందున్న 329 మందియు మరణించిరి. వారిలో అధికులు భారత సంతతికి చెందిన కెనడా దేశీయులు. సెలవులలో బంధువులను చూడవచ్చుచున్న కుటుంబములు, పిల్లలు పెక్కుమంది. బాంబు ఒక పెట్టెలో ఉండెను. ఆ పెట్టెను వాంకూవర్‌లో అప్పగించినవాడు విమానమెక్కలేదు. పెట్టె మాత్రము ఒక విమానమునుండి మరియొకదానికి మారి ప్రయాణము చేసెను. అదే దినమున జపానులోని నారిటా విమానాశ్రయములో, మరొక ఎయిర్ ఇండియా విమానమునకు చేరవలసిన పెట్టె ముందే పేలి ఇద్దరు పనివారిని బలిగొనెను.

యజమాని ఎక్కని విమానములో అతని పెట్టె పోరాదను నియమమునకు ఈ ఘోరము తరువాతనే అంతర్జాతీయముగా బలము వచ్చెను. 1988 డిసెంబరు 21న స్కాట్లండ్‌లోని లాకర్బీ పట్టణముపై మరొక విమానము ఇట్లే పెట్టెలోని బాంబుచే కూలి 270 మంది మరణించిరి. దానితో తనిఖీలు మరింత కఠినమైనవి. నేడు ప్రయాణికుడొకడు విమానమెక్కకపోయినచో అతని పెట్టెను వెదకి దింపుదురు; అంతవరకు విమానము కదలదు. ఆ ఆలస్యమునకు విసుగుకొనువారు కనిష్కను తలచుకొనవలెను. పరిచయము లేనివారిచ్చిన పొట్లమును, ఎంత చిన్నదైనను, మన పెట్టెలో పెట్టుకొనరాదనుట కూడ ఇందుకే.

1895లో రంట్జెన్ కనుగొన్న ఎక్స్ కిరణములు ఈ తనిఖీకి ఆధారము. యంత్రము రెండు వేరు శక్తుల కిరణములను పంపి, అవి ఎంతెంత ఆగినవో పోల్చి పదార్థపు స్వభావమును ఊహించును. తెరపై సాధారణముగా సేంద్రియ పదార్థములు నారింజ రంగులోను, లోహములు నీలి రంగులోను కనబడును. ల్యాప్‌టాప్ వంటి దట్టమైన వస్తువు తన వెనుకనున్నదానిని మరుగుపరచును గనుక దానిని విడిగా పెట్టుమందురు. 2006 ఆగస్టులో బ్రిటనులో ద్రవ పదార్థములతో విమానములను పేల్చు కుట్ర బయటపడిన తరువాత, చేతిసంచిలో ఒక్కొక్క ద్రవపు సీసా 100 మిల్లీలీటర్లు మించరాదను హద్దు పుట్టెను. వస్తువును అన్ని వైపులనుండి చూడగల సి. టి. యంత్రములు వచ్చిన కొన్ని విమానాశ్రయములలో ఈ నియమములు సడలుచున్నవి. శాస్త్రము పెరిగినచో నియమము తేలికపడునని దీనివలన తెలియుచున్నది.

విడువవలసిన పెట్టె

ఇంత జాగ్రత్తగా సర్దిన పెట్టెను విడిచిపెట్టుట ఎప్పుడో తెలియుట అన్నింటికంటె ముఖ్యము. అమెరికాలో 1967నుండి అమలులో ఉన్న నియమము ప్రకారము, పెద్ద విమానము తయారుచేసినవారు అందులోని వారందరు సగము ద్వారములనుండియే 90 సెకండ్లలో బయటపడగలరని నిరూపింపవలెను. పై అర తెరచి సంచి తీయువాడు ఆ సెకండ్లను తనవెనుక ఉన్నవారినుండి అపహరించుచున్నాడు. చక్రముల పెట్టె జారుడు మెట్టును చింపగలదు. ఇరుకు దారిని మూయగలదు.

2024 జనవరి 2న టోక్యోలోని హానెడా విమానాశ్రయములో దిగుచున్న జపాన్ ఎయిర్‌లైన్స్ విమానము, రన్‌వేపైనున్న తీర రక్షక దళపు చిన్న విమానమును ఢీకొని మండిపోయెను. చిన్న విమానములోని ఆరుగురిలో ఐదుగురు మరణించిరి. మండుచున్న పెద్ద విమానములోని 379 మందియు ప్రాణములతో బయటపడిరి. సామాను ముట్టవద్దని సిబ్బంది చెప్పగా ప్రయాణికులు విని, వట్టి చేతులతో జారి దిగిరి. వారి పెట్టెలన్నియు కాలిపోయినవి.

పాస్‌పోర్టు, ముఖ్యమైన మందు, ఫోను జేబులోనో, నడుమునకు కట్టుకొను చిన్న సంచిలోనో ఉన్నచో, అట్టి క్షణమున మనసు పై అరవైపు పోదు. పెట్టె సర్దునప్పుడే ఈ ఆలోచన చేయవలెను. 1914లో మనిషిని, మూటను కలిపి ఒకే త్రాసులో తూచిరి. ఆనాటినుండి విమానయానము నేర్చుకొన్న పాఠములన్నియు ఆ రెండింటిలో ఏది విలువైనదో చెప్పుచున్నవి. బరువు తగ్గించి, గాలిని లెక్కించి, నిప్పును తప్పించి, తనది కానిదానిని తాకక, అవసరమైన వేళ తనదియు విడువగలవాడే పెట్టెను సరిగా సర్దిన ప్రయాణికుడు.